వచ్చి పోయే కరెంటు: లోపం వీధిలోనా, ఇంట్లోనా?

మార్చి నుంచి మే వరకు ఖరగ్‌పూర్‌లో మధ్యాహ్నం దాటగానే జనం వాయవ్య దిక్కున ఆకాశాన్ని చూడడం పరిపాటి. కాలబైశాఖి లేచిందంటే ముందు దుమ్ము, వెనుక వాన, ఆ వెంటనే చీకటి. చెట్టుకొమ్మ లైను మీద పడుతుంది, ఫీడరు ఆగుతుంది, సిబ్బంది వచ్చి సరిచేస్తారు. ఆ అంతరాయానికి కారణం అందరికీ తెలిసిందే. గాలివాన వెలిసి వీధి అంతటా దీపాలు వెలిగిన తరువాత కూడా ఒక్క ఇంట్లోనే కరెంటు వస్తూ పోతూ ఉంటే దాని కథ వేరు. పూర్తిగా పోయిన కరెంటుకు కారణం కనిపెట్టడం తేలిక. వచ్చి పోయే కరెంటు అలా కాదు. ఎలక్ట్రీషియన్ గుమ్మంలో అడుగుపెట్టే సమయానికి అన్నీ చక్కగా పనిచేస్తూ కనిపిస్తాయి. ఆయన వెళ్ళిన అరగంటకు మళ్ళీ పంకా ఆగుతుంది.

ఈ పట్టణంలో తెలుగువారి ఉనికికి మూలం రైల్వే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో, 1904లో మొదలైన వర్క్‌షాపు కోసమూ ఇతర రైల్వే పనుల కోసమూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. మథురాకాటి, నింపురా వంటి ప్రాంతాలలో తెలుగు నేటికీ వినిపిస్తుంది. కొందరు రైల్వే క్వార్టర్లలో ఉన్నారు, కొందరు సొంత ఇళ్ళు కట్టుకున్నారు. ఈ తేడా విద్యుత్తు విషయంలో ముఖ్యమైనది. క్వార్టర్లకు సరఫరా, మరమ్మతు రైల్వే విద్యుత్ విభాగం చేతిలో ఉంటాయి. పట్టణంలోని సొంత ఇళ్ళకు పశ్చిమ బెంగాల్ రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ సరఫరా చేస్తుంది. ఎవరికి ఫిర్యాదు చేయాలన్నది అప్పుడే తేలుతుంది. అంతకుముందు తేలవలసింది మరొకటి ఉంది. లోపం మీటరుకు అవతల ఉందా, ఇవతల ఉందా?

దీనికి పనిముట్లు అక్కరలేదు. కరెంటు పోయిన క్షణంలో మొదట పక్కింటివైపు చూడాలి. వారికీ పోతే సమస్య వీధిది. వారికి ఉండి మనకు లేకపోతే తరువాత చూడవలసింది మీటరు. ఎలక్ట్రానిక్ మీటరు తెర వెలుగుతూ ఇల్లు చీకటిగా ఉంటే, లోపం సాధారణంగా మీటరు దాటిన తరువాత ఉంటుంది. మీటరు కూడా ఆరిపోతే స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగనో, మీటరు ముందున్న ఫ్యూజునో, మీటరునో అనుమానించాలి. కొన్ని మీటర్ల తెర లోపలి బ్యాటరీతో కొంతసేపు వెలుగుతుంది. అందువల్ల తెర ఒక్కదాన్నే నమ్ముకోకుండా, సరఫరా ఉన్నట్లు చూపే చిన్న దీపాన్ని కూడా గమనించడం మంచిది. మీటరు సీలును, దానికి ముందున్న ఫ్యూజును ఇంటివారు గానీ ప్రైవేటు ఎలక్ట్రీషియన్ గానీ ముట్టుకోకూడదు. అవి సరఫరా సంస్థవి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో ఒక చిక్కు ఉంది. రెండు క్షణాలు కరెంటు పోయి వచ్చినా దీపం ఆరదు కనుక లోపం వారాల తరబడి కనిపించకుండా సాగుతుంది. అయితే ఇన్వర్టర్ మారిన ప్రతిసారీ టక్కుమని చప్పుడు చేస్తుంది. వీధిలో ఎవరికీ పోకుండా మన ఇన్వర్టర్ మాత్రమే రోజుకు పదిసార్లు టక్కుమంటోందంటే, మన ఇంటికి వచ్చే తీగలో ఎక్కడో పట్టు సడలిందని అర్థం చేసుకోవచ్చు. ఎల్ఈడీ బల్బులు కూడా ఇలాగే మనల్ని ఏమారుస్తాయి. పాత బల్బు ఓల్టేజీ తగ్గగానే ఎర్రబడి విషయం చెప్పేసేది. చాలా ఎల్ఈడీలు లోపలి సర్క్యూటు వల్ల ఓల్టేజీ బాగా తగ్గినా పెరిగినా ఒకే వెలుగునిస్తాయి. వాటికంటే నేడు పంకా వేగమే నమ్మదగిన సాక్షి.

లోపం ఇంటిలోనే అని తేలితే, ఏవేవి కలిసి ఆగుతున్నాయో చూడాలి. ఇల్లంతా ఒకేసారి ఆగితే మెయిన్ స్విచ్చి, ఆర్‌సీసీబీ, లేదా ప్రధాన తీగల అతుకులు. ఒక గది మాత్రమే ఆగితే ఆ సర్క్యూటు ఎంసీబీ, ఆ గదికి వెళ్ళే అతుకులు. ఒక్క ప్లగ్గు దగ్గరే జరిగితే ఆ ప్లగ్గు లేదా ఆ పరికరం. ఎప్పుడు ఆగిందో, అప్పుడు ఏమేమి నడుస్తున్నాయో, వాన పడుతోందో లేదో ఒక వారం పాటు కాగితం మీద రాసిపెడితే, ఎలక్ట్రీషియన్ మూడు గంటలు వెతకవలసిన పని ముప్పై నిమిషాలలో ముగుస్తుంది.

ఎంసీబీ పడిపోయే తీరు కూడా ఒక ఆధారమే. దానిలో రెండు ఏర్పాట్లు ఉంటాయి. మీట ఎత్తగానే తటాలున పడిపోతే అది అయస్కాంతం పని. ఎక్కడో షార్ట్ సర్క్యూట్ ఉన్నట్టు. పది, ఇరవై నిమిషాలు నడిచి పడితే అది వేడికి వంగే ద్విలోహపు పట్టీ పని. మోతకు మించిన భారం పడుతున్నట్టు. 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. అదే సర్క్యూటు మీద 1800 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెడితే మొత్తం 16.5 దాటుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడదు, వంట సగంలో ఉండగా పడవచ్చు. ఇక్కడ చాలామంది చేసే పని ఎంసీబీని తీసి 25 ఆంపియర్లది పెట్టించడం. తీగ మాత్రం పాతదే. ఎంసీబీ కాపాడేది గోడలోని తీగను. తీగ మార్చకుండా ఎంసీబీ స్థాయి పెంచడమంటే మంటకు అనుమతి ఇవ్వడమే. భారం తక్కువగా ఉన్నా ఎంసీబీ పడుతుంటే దాని స్క్రూ వదులై, అక్కడి వేడే పట్టీని వంచుతూ ఉండవచ్చు. అప్పుడు కావలసింది శుభ్రం చేసి బిగించడం, లేదా అదే స్థాయి ఎంసీబీని మార్చడం.

వానాకాలంలో ఆర్‌సీసీబీ పడిపోవడం ఈ ప్రాంతంలో తరచుగా వినిపించే మాట. అది చూసేది భారాన్ని కాదు. ఫేజు తీగలో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్న లెక్కను చూస్తుంది. ఇళ్ళలో వాడే రకం 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు తప్పక ఆగాలి. 15 దాటిన తరువాత ఎప్పుడైనా ఆగవచ్చు. తేమ చేరిన గీజరు, పాత ఫ్రిజ్, నీటి మోటారు, ఇలా అన్నీ కొద్దికొద్దిగా కారితే ఒక్కొక్కటి నిర్దోషిగానే కనిపిస్తుంది, కలిస్తే మాత్రం ఇల్లంతా చీకటి. అన్నింటి ప్లగ్గులు తీసి, ఒక్కొక్కటే పెడుతూ పోతే ఏది కలిసినప్పుడు పడుతోందో తెలుస్తుంది. ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే న్యూట్రల్ తీగ ఎక్కడో ఎర్తును తాకుతూ ఉండవచ్చు. మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్‌ను తెంచదు. విసుగెత్తి ఆర్‌సీసీబీనే తీయించేసే ఇళ్ళూ ఉన్నాయి. తడి చేతితో గీజరును తాకిన మనిషికి మిగిలిన చివరి రక్షణ అదే.

ఏదీ పడదు, అయినా కరెంటు వచ్చి పోతుంది. ఇది అన్నిటికంటే తరచుగా కనిపించే స్థితి, అన్నిటికంటే తక్కువ అర్థమయ్యే స్థితి. ఎంసీబీ పడలేదు కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. వదులు అతుకు కరెంటును పెంచదు, కొంత తగ్గిస్తుంది. కనుక ఎంసీబీకి అది కనిపించదు. లెక్క చూడండి. అతుకు దగ్గర ఒక ఓమ్ నిరోధం చేరి, దాని గుండా 10 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 100 వాట్లు. పాతకాలపు నూరు వాట్ల బల్బు వేడి అంతా శనగగింజంత చోట కూడినట్టు. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లారి సంకోచిస్తుంది, పట్టు ఇంకా సడలుతుంది, పైన నల్లని పొర కడుతుంది, నిరోధం మరింత పెరుగుతుంది. వర్క్‌షాపులో పనిచేసినవారికి దీన్ని విడమరచి చెప్పనవసరం లేదు. అదురుకు సడలిన నట్టు తనంతట తాను బిగుసుకోదు.

పాత ఇళ్ళలో అల్యూమినియం తీగకు రాగి తీగను నేరుగా మెలివేసిన అతుకులు ఈ లోపానికి పుట్టిళ్ళు. తేమ తగిలితే రెండు లోహాల మధ్య తుప్పు వేగంగా పెరుగుతుంది. పైగా అల్యూమినియం స్క్రూ ఒత్తిడికి మెల్లగా జరిగిపోయే గుణం కలది. అలాంటి చోట రెండు లోహాలకూ సరిపడే కనెక్టరు వాడాలి, ఇన్సులేషన్ టేపు చుట్టి ఊరుకోకూడదు. స్విచ్చిబోర్డు నుంచి చిటపట శబ్దం, చేపల వాసనను పోలిన కాలిన వాసన, పసుపు పచ్చగా మారిన ప్లాస్టిక్, వేడెక్కే ప్లగ్గు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ సర్క్యూటును అప్పుడే ఆపాలి. నీటి మోటారు స్టార్టరులో చీమలు, మెయిన్ బోర్డులో బల్లులు చేరి అంతరాయం కలిగించడం నవ్వులాటగా తోచినా, అనుభవమున్న ఎలక్ట్రీషియన్ మొదట అక్కడే దీపం వేసి చూస్తాడు.

న్యూట్రల్ సంగతి విడిగా చెప్పుకోవాలి. ఖరగ్‌పూర్‌లో దీనికి చక్కటి పోలిక కళ్ళ ముందే ఉంది. విద్యుత్ ఇంజను పై తీగ నుంచి 25,000 ఓల్టుల వద్ద కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటు తిరిగి వెళ్ళే దారిలో చక్రాలు, పట్టాలు ఉన్నాయి. పట్టాల అతుకుల దగ్గర లోహపు బంధాలు వేసేది ఆ తిరుగు దారి తెగకుండా ఉండడానికే. ఇంటిలో న్యూట్రల్ చేసే పని అదే. మీ ఒక్క ఇంటికి వచ్చే న్యూట్రల్ తెగితే ఇల్లు చీకటవుతుంది, కానీ తీగలు చచ్చిపోవు. స్విచ్చి వేసి ఉన్న పరికరం గుండా ఫేజు న్యూట్రల్ తీగలోకీ వస్తుంది. అప్పుడు ప్లగ్గులోని రెండు రంధ్రాలలోనూ టెస్టరు వెలుగుతుంది. దాన్ని చూసి కరెంటు బాగానే ఉందనుకుని తీగ పట్టుకున్నవారు ప్రాణాపాయంలో పడతారు. ఫేజుకూ న్యూట్రల్‌కూ వేర్వేరు ఫ్యూజులు ఉన్న పాత బోర్డులలోనూ ఇదే ప్రమాదం. న్యూట్రల్ ఫ్యూజు పోతే ఇల్లు ఆగినట్టే కనిపిస్తుంది. అటువంటి బోర్డు ఉంటే, రెండింటినీ కలిపి తెంచే డబుల్ పోల్ స్విచ్చికి మార్చుకోవడం అవసరం.

వీధిలో మూడు ఫేజులకు ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్ తెగితే పరిస్థితి ఇంకా తీవ్రం. రెండు వేర్వేరు ఫేజుల మీద ఉన్న రెండు ఇళ్ళను ఊహించండి. ఒక ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, రెండవ ఇంట్లో 250 వాట్ల దీపాలూ పంకాలూ నడుస్తున్నాయి. న్యూట్రల్ పోగానే ఆ రెండు ఇళ్ళూ ఒకదాని వెనుక ఒకటిగా 400 ఓల్టుల మధ్య చిక్కుకుంటాయి. ఇస్త్రీ ఉన్న ఇంటికి దక్కేది సుమారు 80 ఓల్టులు, తక్కువ వాడుతున్న ఇంటికి సుమారు 320. టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయేది ఇలాగే. అందువల్ల ఒక ఇంట్లో పంకా నెమ్మదిస్తున్న సమయంలోనే పక్కింట్లో పంకా వేగం పెరిగితే, లేదా మన ఇంట్లోనే బరువైన పరికరం వేయగానే ఓల్టేజీ పడిపోయి, మరొక చోట పెరిగినట్టు కనిపిస్తే, ఆలోచించకుండా మెయిన్ స్విచ్చి దించి ఫిర్యాదు చేయాలి. స్టెబిలైజరు దీనికి మందు కాదు. మామూలు ఇళ్ళలో నీటి మోటారు మొదలైనప్పుడు ఒక క్షణం దీపం వణకడం సహజమే. మోటారు నడిచినంతసేపూ మందగిస్తే అది సహజం కాదు.

ఈ నేలను గురించి ఒక మాట. ఖరగ్‌పూర్ పరిసరాలు ఎర్ర మొరం భూములు. వేసవిలో అవి ఎండి గట్టిపడినప్పుడు ఎర్తు గుంత నిరోధం పెరుగుతుంది. వెనుకటివారు వేసవిలో గుంతలో నీళ్ళు పోయడం అందుకే. కరెంటు వచ్చి పోవడానికి ఎర్తు కారణం కాకపోయినా, లోపం వచ్చిన రోజున షాకు తగలడమూ తగలకపోవడమూ చాలావరకు దాని మీద ఆధారపడి ఉంటాయి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను ఎలాగూ పిలిచినప్పుడు ఎర్తు నిరోధాన్ని, తీగల ఇన్సులేషన్‌ను కూడా కొలవమని అడగాలి. ఇంటి వైరింగుకు ఐఎస్ 732, ఎర్తింగుకు ఐఎస్ 3043 భారతీయ ప్రమాణాలు.

లోపం మీటరుకు అవతల ఉంటే ఖర్చు మీది కాదు, బాధ్యత సరఫరాదారుది. సొంత ఇళ్ళవారు బిల్లు మీద ఉన్న వినియోగదారు సంఖ్యతో ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు తప్పక రాసుకోవాలి. కరెంటు లేదు అని మాత్రమే చెబితే, సిబ్బంది వచ్చేసరికి కరెంటు ఉండడం వల్ల ఫిర్యాదు మూసివేయవచ్చు. సర్వీసు తీగ వదులుగా ఉంది, గాలి వీచినప్పుడు పోతోంది, పక్కింటికి పోవడం లేదు అని వివరంగా చెబితే స్తంభం ఎక్కి క్లాంపు చూస్తారు. 2020 డిసెంబరు 31న కేంద్రం ప్రకటించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు 24 గంటల ఫిర్యాదు కేంద్రాన్నీ, ముందుగా నిర్ణయించిన కోతలకు ముందస్తు సమాచారాన్నీ వినియోగదారు హక్కులుగా గుర్తించాయి. పరిష్కారం దొరకకపోతే 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షను కింద ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థను, ఆ పైన అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. క్వార్టర్లలో ఉన్నవారు రైల్వే విద్యుత్ విభాగానికి రాతపూర్వకంగా తెలపాలి, సొంతంగా వైరింగు మార్చకూడదు.

మరమ్మతు ముగిసిన రోజు సాయంత్రం, మామూలుగా అన్నీ కలిపి వాడే వేళ, గీజరు, మోటారు, పొయ్యి నడుస్తుండగా ఒక గంట గమనించండి. ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నం ఖాళీ ఇంట్లో వేసి చూపిన ఒక్క దీపం పరీక్ష కాదు. మిగిలిన సొమ్ము ఆ గంట తరువాత చెల్లిస్తామని ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.