పట్టి వదిలే చేపలు

నది వెనక్కు ప్రవహించటం మీరెప్పుడైనా చూశారా? చూసివుండరు. కాని 1812 ఫిబ్రవరి 7వ తేదీన అమెరికాలోని మిసిసిపి మహానది కొంతసేపు అలాగే వెనక్కు పారింది. అంతకు ముందు, 1811 డిసెంబరు 16 మొదలు, ఆ ప్రాంతంలో భూమి పదేపదే కంపిస్తూ వచ్చింది. ఆ భూకంపాలలో టెనెస్సీ రాష్ట్రపు వాయవ్య మూలన వున్న ఒక అడవి నేల కుంగిపోయింది. కుంగిన చోట నీరు నిండి సరస్సు అయింది. దాని పేరు రీల్‌ఫుట్.

నేలతోపాటు అక్కడి సైప్రస్ చెట్లు కూడా మునిగాయి. రెండువందల ఏళ్ళు దాటినా వాటి మోళ్ళు నీటి అడుగున ఇంకా వున్నాయి. సరస్సు సగటు లోతు అయిదారడుగులే కావటంచేత పడవ నడిపేవాడు కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. రెండు తెడ్లతో పడవ నడిపే మనిషి సాధారణంగా వెళ్ళే వైపుకు వీపు పెట్టి కూర్చుంటాడు. రీల్‌ఫుట్‌లో అలా కూర్చుంటే పడవ మోడుకు కొట్టుకుంటుంది. అందుచేత అక్కడి వడ్రంగులు తెడ్లకు కీళ్ళు అమర్చి, ముందుకు చూస్తూ నడపటానికి వీలైన పడవలు చేశారు.

పడవలకు శత్రువులైన ఈ మోళ్ళే చేపలకు ఇళ్ళు. సెలవు దొరికితే చాలు, ఎందరో అమెరికావాళ్ళు పిల్లలను వెంటబెట్టుకుని, గాలాలు తీసుకుని ఇలాంటి సరస్సులకూ నదులకూ వెళతారు. కూరకోసం కొందరు, సరదాకోసం మరికొందరు. వాళ్ళు వెతికే చేపలలో రెండు: బాస్, క్రాపీ. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. కాని వాటి స్వభావాలు వేరు. స్వభావం తెలియకుండా గాలం వేసినవాడు పొద్దుగూకేదాకా కూర్చుని, వట్టి చేతులతో ఇంటికి పోతాడు.

మొదట బాస్ సంగతి చూద్దాం. బాస్‌లలో పేరుపడ్డది పెద్దనోటి బాస్. దాని నోరు ఎంత పెద్దదంటే, పై దవడ చివర కన్ను దాటి వెనక్కు పోతుంది. ఒళ్ళు ఆకుపచ్చగా వుండి, పక్కన ఒక నల్లని చార వుంటుంది. అది తిండికోసం దూరం తరుముకుంటూ పోదు. మోడు చాటునో, నాచు చాటునో కదలకుండా పొంచివుంటుంది. చిన్న చేపగాని, కప్పగాని దగ్గిరికి రాగానే నోరు గభాలున తెరుస్తుంది. నోటిలో చోటు ఒక్కసారిగా పెరగటంతో నీరు లోపలికి దూసుకుపోతుంది. ఆ నీటితోపాటే ఆహారమూ పోతుంది. తరవాత నీరు మొప్పలగుండా బయటికి వచ్చేస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది.

బాస్‌కు కళ్ళే కాక మరొక సాధనం వుంది. తల దగ్గిరనుంచి తోకదాకా దాని ఒంటి పక్కన సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. దాన్ని పార్శ్వరేఖ అంటారు. నీటిలో ఏది కదిలినా ఆ అదురు ఈ గీతకు తెలుస్తుంది. అందుకే పడవలో ధబధబా నడిచేవాడికి బాస్ దొరకదు. అందుకే కొయ్యతో చేసిన చేపబొమ్మకు కూడా బాస్ మోసపోతుంది. ఆ బొమ్మను నీటిలో లాగితే బతికిన చేపలాగే వణుకుతుంది మరి! 1949లో ఒహాయో రాష్ట్రంలో నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తని ప్లాస్టిక్ వానపాములను తయారుచేశాడు. వాటికీ బాస్‌లు బాగా చిక్కాయి.

బాస్ వేటకు ఒక గడియారాల పనివాడు కూడా సాయపడ్డాడంటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. సుమారు 1810-1820 మధ్య కెంటకీ రాష్ట్రంలో జార్జి స్నైడర్ అనే ఆయన గాలపుకర్రకు ఒక రీలు చేశాడు. గడియారంలో వున్నట్టే అందులో పళ్ళచక్రాలున్నాయి. పిడి ఒక్కసారి తిప్పితే, దారం చుట్టిన కండె అనేకసార్లు తిరుగుతుంది. పెనుగులాడే చేపను త్వరగా దగ్గిరికి లాగటానికి ఇది ఎంతో పనికివచ్చింది.

ఇక క్రాపీ. ఇది బాస్ అంత పెద్దది కాదు. పలచగా, వెడల్పుగా, వెండిలా మెరుస్తూ, నల్లని మచ్చలతో వుంటుంది. ఇందులో తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ అని రెండు జాతులున్నాయి. వాటిని గుర్తుపట్టటానికి రంగును నమ్మరాదు, వీపు మీది ముళ్ళను లెక్కించాలి. అయిదో ఆరో వుంటే తెల్లది, ఏడో ఎనిమిదో వుంటే నల్లది. లూసియానా రాష్ట్రంలో క్రాపీకి ఒక ఫ్రెంచి పేరు వుంది. ఆ పేరుకు అర్థం ‘పాలసంచి’! మరి కొన్ని చోట్ల దీన్ని ‘కాగితపు నోరు’ అంటారు. దాని పెదవి అంత పలచన. గాలం తగిలింది కదా అని గట్టిగా లాగారా, పెదవి చిరిగి చేప జారిపోతుంది. మెల్లిగా లాగి, కింద వల పట్టి ఎత్తుకోవాలి.

క్రాపీలు గుంపులుగా వుంటాయి. వాటి కళ్ళు తలలో పైకి వుండటంవల్ల అవి తమకన్న పైన వున్న ఆహారాన్ని చూస్తాయి. అందుచేత ఎర వాటికి కాస్త పైన వేలాడాలి. కిందికి దిగిందా, వాటి కంటపడదు. మునిగిన కొమ్మల మధ్య వుండటం వాటికి ఇష్టం. అది తెలిసి కొందరు, క్రిస్మస్ పండగ అయిపోయాక, ఇంట్లో అలంకరించిన చెట్లను బరువులు కట్టి సరస్సులో ముంచుతారు. కొన్నాళ్ళకు ఆ కొమ్మల్లోకి చిన్న చేపలు చేరుతాయి. వాటికోసం క్రాపీలు వస్తాయి. క్రాపీలకోసం మనుషులు వస్తారు. కొందరు పడవ ముందు భాగాన అనేక గాలపుకర్రలు సాలీడు కాళ్ళలాగా పరిచి, ఒక్కొక్క ఎరను ఒక్కొక్క లోతుకు వదిలి, గుంపు ఏ లోతున వున్నదో తెలుసుకుంటారు.

ఇప్పుడు మీరే గాలం పట్టుకుని అటువంటి పడవలో వున్నారనుకోండి. వసంతకాలం వచ్చింది. నీరు కాస్త వెచ్చబడింది. ఒడ్డు దగ్గిర, లోతు తక్కువ గల చోట, నీటి అడుగున చక్కగా ఊడ్చినట్టున్న ఒక గుండ్రని పళ్ళెం మీకు కనిపిస్తుంది. దాని మీద ఒక బాస్ నెమ్మదిగా తిరుగుతున్నది. అంత దగ్గిరగా పడవ వచ్చినా అది పారిపోవటం లేదు. మీరు ఎర వేయగానే మీదపడి కరుస్తుంది. ఎంత సులువు! వెంటనే లాగుతారా?

లాగేముందు అది ఎందుకు పారిపోలేదో తెలుసుకోండి. ఆ పళ్ళెం దాని గూడు. దాన్ని తోకతో ఊడ్చి తయారుచేసింది మగచేప. ఆడచేప వచ్చి అందులో వేలకొద్దీ గుడ్లు పెట్టి వెళ్ళిపోయింది. ఇక కాపలా అంతా తండ్రిదే. గుడ్లు పిల్లలై, ఆ పిల్లలు కాస్త పెద్దవయేదాకా అది అక్కడే వుంటుంది. ఆ రోజుల్లో తిండి కూడా సరిగా తినదు. మీ ఎరను అది కరిచింది ఆకలికొద్దీ కాదు, దొంగ అనుకుని! తోకతో విసిరి గుడ్లకు మంచి నీరు తగిలేలా చేసేదీ అదే. క్రాపీలలో కూడా గూడు కాచేది మగచేపే.

దొంగలు నిజంగానే వున్నారు. బ్లూగిల్ అనే చిన్న చేపలు చుట్టూ కనిపెట్టుకుని వుంటాయి. తండ్రి గాలానికి చిక్కి పైకి పోగానే అవి గూటిమీద పడి గుడ్లనూ పిల్లలనూ తినేస్తాయి. తండ్రిని వెంటనే వదిలితే తిరిగి గూటికి చేరుతుంది, కొంతైనా మిగులుతుంది. ఫోటోలు తీసుకుంటూ, బరువు చూసుకుంటూ ఆలస్యం చేస్తే, అది వచ్చేసరికి కాచుకోటానికి ఏమీ వుండకపోవచ్చు. అందుకే కెనడాలోని ఆంటారియో వంటి చోట్ల, గూళ్ళు కట్టే రోజులు గడిచి జూన్ నెల సగం దాటేదాకా బాస్‌ను పట్టటానికి సాధారణంగా అనుమతి లేదు.

పట్టిన చేపను వదలటం అనేది అమెరికావాళ్ళకు మొదటినుంచీ వున్న అలవాటు కాదు. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జి పెర్రీ అనే ఇరవై ఏళ్ళ రైతు, వాన పడి పొలం పని సాగక, స్నేహితుడితో చేపలకు వెళ్ళాడు. ఆక్మల్గీ నది పాత మలుపులో నిలిచిన మాంట్‌గోమరీ సరస్సులో అతనికి ఒక బాస్ చిక్కింది. ఊళ్ళోకి తెచ్చి తూచితే 22 పౌన్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైమాటే! అటువంటి బాస్‌ను అంతకు ముందు ఎవరూ తూచి ఎరగరు. ఆ తరవాత పెర్రీ ఏం చేశాడు? ఇంటికి తీసుకుపోయాడు. ఇంటిల్లిపాదీ వండుకుని తిన్నారు. అవి కరువు రోజులు. అతను చేసినది తప్పని ఎవరంటారు?

కాని సరదాకు పట్టేవాళ్ళు లక్షలుగా పెరిగాక, అందరూ పట్టినదల్లా ఇంటికి తీసుకుపోతే సరస్సులో మిగిలేదేమిటి? బాస్ పట్టే పందాలు నడిపిన రే స్కాట్ అనే ఆయన 1972లో, పట్టిన చేపను చంపవద్దని ప్రచారం మొదలుపెట్టాడు. అప్పటినుంచీ పందెగాళ్ళు పడవలోనే నీటితొట్టి పెట్టి, అందులోకి గాలి కొడుతూ, చేపలను బతికించి తెచ్చి, తూచి, తిరిగి వదలటం అలవాటు చేసుకున్నారు.

వదలటానికీ నేర్పు కావాలి. చేయి తడుపుకుని చేపను పట్టుకోవాలి. పొడి చేయి తగిలితే ఒంటి మీది జిగురుపొర పోతుంది. ఆ పొర పోతే చేపకు జబ్బులు సోకుతాయి. పెద్ద చేపను దవడ పట్టుకుని వేలాడదీయకుండా, పొట్ట కింద రెండో చేయి ఆనించాలి. ఎండలు ముదిరి నీరు వేడెక్కినప్పుడు అందులో ప్రాణవాయువు తక్కువ. అప్పుడు మరీ త్వరగా వదలాలి.

అలాగని ప్రతి చేపనూ వదలాలని కాదు. క్రాపీలు రుచికి పేరుపడ్డవి. చిన్న చెరువులో అవి మరీ ఎక్కువైతే తిండి చాలక అన్నీ గిడసబారిపోతాయి. అప్పుడు కొన్నిటిని తీసి తినటమే చెరువుకు మేలు. ఏ సరస్సులో ఎన్ని తీయవచ్చు, ఎన్ని అంగుళాలకు తక్కువైతే వదలాలి అన్నది అక్కడి ప్రభుత్వాలు లెక్క చూసి నిర్ణయిస్తాయి.

వదలటమే తప్పు అయిన చోటు కూడా ఒకటి వుంది. 1925లో టెట్సుమా అకాబోషి అనే ఆయన అమెరికానుంచి బాస్‌లను తెచ్చి జపానులో ఒక సరస్సులో వదిలాడు. తరవాత అవి ఎన్నో సరస్సులకు పాకాయి. లక్షల ఏళ్ళనాటి బివా సరస్సులోకి కూడా చేరి, ఇంకెక్కడా లేని అక్కడి చేపలను తినసాగాయి. బ్లూగిల్‌లు కూడా జపాను చేరాయి. వాటిని 1960లో షికాగో నగరం కానుకగా ఇవ్వగా, అప్పటి యువరాజు అకిహితో తెచ్చారు. ఆయన స్వయంగా చేపల శాస్త్రం ఎరిగినవారు. చక్రవర్తి అయాక, 2007లో, తాము తెచ్చిన చేపవల్ల జరిగిన హానికి బాధపడుతున్నట్టు బాహాటంగా చెప్పారు. బివాలో పట్టిన బాస్‌నూ బ్లూగిల్‌నూ తిరిగి నీటిలో వదలరాదని 2003నుంచి అక్కడ నిబంధన. ఒడ్డున వాటిని వేయటానికి పెట్టెలు కూడా పెట్టారు.

తమాషా ఏమిటంటే, 2009 జూలై 2న మనాబు కురీటా అనే ఆయనకు ఆ బివాలోనే, బ్లూగిల్‌ను ఎరగా వేస్తే, పెర్రీ చేపకన్న ఒక్క ఔన్సు లోపు ఎక్కువ తూగిన బాస్ దొరికింది. పాత రికార్డును గెలవాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ వుండాలని నియమం. అందుచేత ఇద్దరూ సమానమన్నారు.

చూశారా? ఒక్కటే చేప. సొంత నీటిలో దాన్ని కాపాడుకోవాలి. పరాయి నీటిలో అది రాక్షసి. మీ ఇంట్లో అద్దాలతొట్టిలో పెంచే చేపలను విసుగుపుట్టి ఊరి చెరువులో వదలరాదనటానికి కారణం ఇదే.

మన చెరువుల్లో కూడా ఇటువంటి కాపలాదారు ఒకటున్నది. అదే కొర్రమీను, తెలంగాణ రాష్ట్రపు చేప. వానాకాలంలో చెరువు గట్టున నిలబడినప్పుడు, నీటిపైన ఎర్రని చిన్నచిన్న చేపపిల్లలు గుంపుగా కదలటం మీకు కనిపించవచ్చు. సరదాకు వాటి మీద రాయి వేయకండి, గాలం వేయకండి. వాటి కిందనే పెద్ద కొర్రమీను కాపలా కాస్తూ వుంటుంది.