వానకాలమున పచ్చిక కోత

వేసవి పొడవునను గొట్టముతో నీరు పట్టినను మందకొడిగా నుండిన ఇంటిముందరి పచ్చిక, ఆషాఢమున నాలుగు మంచి వానలు కురియగానే పట్టపగ్గములు లేక పెరుగనారంభించును. ఆదివారమునాడు కోయింతమనుకొన్నచో ఆదివారమే వాన పట్టును. మరునాడు ముసురు. తరువాతి ఆదివారమునకు గడ్డి చీలమండలు దాటి యుండును. అప్పుడు గృహస్థునకు కలుగు సందేహ మొక్కటే: తడిగా నున్నను కోయింపవచ్చునా, ఆరువరకు ఆగవలెనా?

ఆగుటయే మేలని మా అభిప్రాయము. తడిగడ్డి సరిగా తెగదని అందరును చెప్పుదురు. అది నిజమే కాని, ఉన్న కారణములలో నది మిక్కిలి చిన్నది. గడ్డి క్రింద నున్న నేలను గూర్చియు, యంత్రమును నెట్టు మనిషిని గూర్చియు ఆలోచించిన పిమ్మటనే గడ్డిని గూర్చి ఆలోచింపవలెను. అయినను చిన్న కారణముతోనే మొదలిడుదము.

గడ్డికోత యంత్రము ఇంగ్లండులో పుట్టినది. గ్లోస్టర్‌షైరులోని స్ట్రౌడు ప్రాంతమున ఉన్నిబట్టల మిల్లులు చాలా ఉండెడివి. బట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించుటకు అచ్చట చుట్టుకత్తుల యంత్రములను వాడుచుండిరి. ఆ పద్ధతి పచ్చికకును పనికివచ్చునని ఎడ్విన్ బడ్డింగు అను యంత్రశిల్పికి తోచెను. ఆయన 1830లో తన యంత్రమునకు పేటెంటు పొందెను. అంతకుముందు పచ్చికను, నిలుచుండి రెండు చేతులతో విసరు పొడవు పిడి కొడవళ్లతో కోయుచుండిరి. ఆ కోతగాండ్రు తెల్లవారుజామున మంచు ఆరకముందే పనిలో దిగెడివారు. ఏలనన, తడిసి బరువెక్కిన పరక కొడవలి దెబ్బకు ఒదిగిపోక నిలుచును. మన రైతులును పెసరను, మినుమును పొద్దుటి మంచులోనే కోయుదురు. అయితే అచ్చటి కారణము వేరు. ఎండ యెక్కినచో కాయ పగిలి గింజ రాలిపోవును. ఏమైనను కొడవలికి తడి చుట్టమైనది. యంత్రమునకు మాత్ర మది పగ యైనది.

దీనికి హేతువు యంత్రపు కట్టుబడిలోనే యున్నది. బడ్డింగు పద్ధతిలో చేసిన యంత్రమున చుట్టుకత్తి తిరుగుచు, క్రింద కదలకుండ నున్న మరియొక కత్తికి ఆనించి పరకను కత్తెరవలె తెంచును. తడిసిన పరకలు ఒకదానికొకటి అంటుకొని గుత్తులై వచ్చుటచే ఆ సందున ఇరుకుకొనును. మోటారుతోనో పెట్రోలుతోనో నడచు నేటి యంత్రములలో చాలవాటికి క్రింది కత్తి లేదు. ఒకే పలక విసురుగా తిరిగి, వేగము చేతనే పరకను తెంచును. పరక నిటారుగా నిలువబడినచో కోత నున్నగా నుండును. నీటి బరువుతో వాలియున్నచో కొంత తెగును, కొంత చిరుగును, కొంత తప్పించుకొని మరునాడు లేచి నిలుచును. చిరిగిన కొనలు రెండు మూడు దినములలో గోధుమరంగు తిరుగును. దూరమునుండి చూచువారికి పచ్చిక మాడినట్లు కనబడును.

వాన లేని ఉదయములందు కూడ గడ్డి తడిగా నుండుట అందరును ఎరుగుదురు. దానినంతయు మంచే యనుకొందుము. పరక కొనన ముత్యమువలె నిలుచు బొట్టు, పలుమారు ఆకాశమునుండి వచ్చినది కాదు. రాత్రివేళ వేళ్లు పీల్చిన నీటిలో మిగులును పరక తన కొననున్న సన్నని రంధ్రముల గుండ బయటికి పంపును. ఆ బొట్టులో లవణములును, కొద్దిగా చక్కెరయు కరగి యుండును. బూజు తెగుళ్లకు అది చక్కని భోజనము. కావున గోల్ఫు మైదానములను చూచుకొనువారు ఉదయమున పొడవైన కర్రను గడ్డిపై ఆడించి ఈ బొట్లను రాల్చుదురు. మన ఇండ్లలో పొడవు పిడి కొబ్బరియీనెల చీపురుతో తేలికగా నిమిరినను చాలును. ఎండ కొంచెము కాసినచో ఆ పచ్చిక తక్కినదానికంటె ముందుగా ఆరును.

తెగుళ్ల మాట వచ్చినది గనుక ఒక సంగతి. పిథియమను నీటిబూజు, రైజోక్టోనియా యను శిలీంధ్రము మున్నగునవి ఉక్కపోతతోడి తడి దినములందు విజృంభించును. తడిలో యంత్రము నడపినపుడు చక్రములకును కత్తికిని అంటుకొన్న పరకలతో పాటు ఇవియు ప్రయాణము చేయును. మొదట ఒక మూల గుండ్రని మచ్చగా నున్న తెగులు, కోత పిదప యంత్రము నడచిన బాటలోనే చారలుగా దిగివచ్చుట కద్దు. అట్టి చారలు కనబడినచో తప్పు గడ్డిది కాదు, కోతవేళదే.

ఇక నేల విషయము. ఆరోగ్యముగల నేలలో మట్టిరేణువుల నడుమ సన్నని సందులుండును. వానాగిన పిమ్మట పెద్ద సందులలోని నీరు క్రిందికి దిగి, వానిలోనికి గాలి చేరును. వేళ్లకు నీరెంత అవసరమో గాలియు నంతే అవసరము. ఆ నీరు దిగకముందే బరువైన యంత్రమును, దాని వెనుక మనిషిని నడిపించినచో మెత్తబడిన మట్టి నొక్కుకొనిపోయి సందులు మూసికొనును. మూసికొన్న సందులు వాన వెలిసినంత మాత్రమున తెరచుకొనవు. మరుసటి వానకు నీరు లోనికింకక పైననే నిలుచును. నిలిచినచోట గడ్డి పసుపుబారును, నాచు పట్టును. యజమాని ఎరువు చాలలేదనుకొని యూరియా చల్లును. మేము చూచిన పాడుపడిన పచ్చికలలో చాలవాటి చరిత్ర ఇదియే. తడిలో కోసిన ఒక్క ఉదయపు ఫలితము మరుసటి వేసవివరకు ఉండగలదు.

ఎంతకాల మాగవలెననునది నేలను బట్టి యుండును. సముద్రతీరపు ఇసుకనేలలలో గట్టివాన పిమ్మట ఒక దినము గడచిన చాలును. తెలంగాణములోని ఎఱ్ఱ చల్కానేలలు కూడ త్వరగానే తేరుకొనును. నల్లరేగడి సంగతి వేరు. దానిలోని బంక నీటికి ఉబ్బి, రెండు మూడు దినములైనను కాలికి అంటుచునే యుండును. అపార్టుమెంటు ముంగిళ్లలో మరియొక చిక్కు కలదు. పునాదులు త్రవ్విన మట్టినో, కట్టడపు రద్దునో పరచి, పైన జానెడు ఎఱ్ఱమట్టి పోసి గడ్డి నాటుదురు. పైన చూచుటకు చల్కానేల. నీరు దిగుటలో మాత్రము రాతిపలక.

దినములు లెక్కించుటకంటె నేలనే అడుగుట నయము. పచ్చిక నడుమ మడమపై బరువు మోపి నిలువవలెను. అడుగు చుట్టు నీరూరినచో ఆనాడు కోతలేదు. నీరూరకున్నను, పాదమెత్తిన పిమ్మట గుంట యట్లే నిలిచినచో అప్పుడును లేదు. వ్రేలితో రెండంగుళముల లోతునుండి కొంచెము మట్టి తీసి పిడికిట బిగింపుడు. ముద్ద బొటనవ్రేలి తాకిడికి పొడిగా విడిపోయినచో యంత్రమును బయటికి తీయవచ్చును. సాగి వంగినచో దాని నట్లే ఉండనీయవలెను.

ఇప్పుడు మనిషి మాట. ఈ విషయమున మేము కొంచెము కటువుగానే చెప్పదలచితిమి. వరండాలో కుర్చీ వేసికొని కోయింపుమనువారొకరు, యంత్రపు పిడి పట్టువారు వేరొకరు. ఇంటికి చుట్టములు వచ్చుచున్నారనియో, ముంగిట పెండ్లిచూపులనియో తొందర యజమానిది. తడినేలపై కాలు మోపవలసినవాడు తోటమాలి. అతడు వానదినములలో చెప్పులు బురదకు జారునని వట్టికాళ్లతోనే దిగును. వెనుక ఎక్స్‌టెన్షను బోర్డునుండి లాగిన వైరు, అతుకు వేసినచోట చుట్టిన టేపు, అది తడిగడ్డిపై దొరలుట. తడిసిన చర్మము విద్యుత్తును ఎండిన చర్మముకంటె చాల సులభముగా లోనికి రానిచ్చును. పొడిదినమున చురుక్కుమని వదలిన దోషమే తడిదినమున ప్రాణము తీయగలదు. కత్తి క్రిందికి వైరు వచ్చుట మనమనుకొన్నంత అరుదు కాదు.

కావున విద్యుత్తుతో నడచు యంత్రమును తడిగడ్డిపై నడపనే రాదు. ఇందులో బేరము లేదు. పొడిగడ్డిపై నడపినను, దానికి కరెంటిచ్చు ప్లగ్గు 30 మిల్లీయాంపియర్ల లీకునకు తనంతట తెగిపోవు రక్షణస్విచ్చి గుండ రావలెను. ఎలక్ట్రీషియన్లు దీనిని ఆర్.సి.సి.బి. యందురు. మీటరుబోర్డులోని మామూలు ఎం.సి.బి. వైర్లను కాపాడుటకు పెట్టినది. మనిషి దేహము గుండ పారు కొద్దిపాటి కరెంటును అది లెక్కచేయదు. ఇంట నున్నది ఏదో తెలియనివారు ఈ వానకాలమునందే ఎలక్ట్రీషియనును పిలిచి చూపించుకొనుట మంచిది.

రెండవ ప్రమాదము కత్తిది. తడిపరకలు ముద్దగట్టి యంత్రము ఆగిపోవును. మనిషి వంగి చేతితో ఆ ముద్దను లాగబోవును. చేతితో నెట్టు యంత్రమందైనను, బిగిసియున్న కత్తి అడ్డు తొలగగానే చటుక్కున తిరుగును. వ్రేళ్లు పోవుట కా క్షణము చాలును. ముందు ప్లగ్గు తీసివేయవలెను. పెట్రోలుదైనచో స్పార్కుప్లగ్గు మీది తొడుగును ఊడదీయవలెను. పిమ్మట కర్రముక్కతోనే ముద్దను తీయవలెను. గట్టుమీద పచ్చికయున్నచో తడిలో దాని జోలికే పోరాదు. ఆరిన పిమ్మట కూడ పైకి క్రిందికి గాక అడ్డముగా నడపవలెను. వెనుకకు నడచుచు యంత్రమును తనవైపు లాగుకొనుట మిక్కిలి చెడ్డ అలవాటు. పెరిగిన గడ్డిలో కట్లపామో, రక్తపింజరియో ఉండవచ్చును. దిగుటకు ముందు పొడవు కర్రతో తట్టి చూచుటయు, కాలికి బూట్లు తొడుగుటయు అవసరము. ఆ బూట్లు కొనవలసినది యజమానియే యని వేరుగా చెప్పనక్కరలేదు.

పది పదునైదు దినములు ముసురు విడువక గడ్డి మితిమీరినచో ఏమి చేయవలెను? వాతావరణ సమాచారమును విని, రెండు పొడి దినములు వచ్చునట్లున్నచో రెండవ దినపు మధ్యాహ్నము ఎన్నుకొనుడు. మొదటి దినము నేలది, రెండవది మనది. ఒక్కమారుగా పొట్టి చేయరాదు. ఏ కోతలోనైనను ఉన్న ఎత్తులో మూడవవంతుకంటె ఎక్కువ తీయరాదన్నది తోటపనిలో పాతసూత్రము. గరిక 9 సెంటీమీటర్లు పెరిగియున్నచో మొదట 6కు దించి, నాలుగైదు దినములకు 4కు దింపవలెను. మబ్బు దినములలో వెలుగు చాలదు గనుక, వేసవిలో 3 సెంటీమీటర్లుంచువారు ఇప్పుడు 4 ఉంచుట మంచిది. కత్తి పదునుగా నుండవలెను. ఆగుటకు వీలే లేనిచో చిన్న ముంగిలికి కొడవలియో, గడ్డికత్తెరయో చాలును. కొడవలికి తడితో పగలేదని ముందే చెప్పితిమి గదా! యూరియా మాట ఈ నెలలలో మరచుటయే మేలు. సగము వానలో కొట్టుకొనిపోవును, సగము కోతను పెంచును.

పొడిగా రాలిన సన్నని తుంపులను నేలపైననే విడువవచ్చును. అవి కుళ్లి నత్రజనిని తిరిగి నేలకిచ్చును. తడిముద్దలను మాత్రము వెంటనే ఎత్తివేయవలెను. రెండు దినములున్నచో క్రింది గడ్డి పాలిపోవును. వానిని కుప్పవేసినచో లోపల వేడెక్కి వాసన కొట్టును. ఎండుటాకులతో కలిపి ఎరువుగుంటలో వేయుట ఉత్తమము. ఉబికి వేడెక్కిన గడ్డిని ఆవులకు వేయరాదు, పొట్ట ఉబ్బును. వీధికాలువలో వేయుట యెవరికిని మంచిది కాదు.

నెల్లూరు వైపువారికి అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియు ఈశాన్యపు వానలే ముఖ్యము గనుక పైని చెప్పినది వారికి దసరా దాటిన పిదప ఎక్కువగా పనికివచ్చును. తక్కినవారికి భాద్రపదములో వినాయకచవితి వచ్చును. పూజకు కావలసినది లేత గరిక. ప్రతివారము కోయు పచ్చికలో అది దొరకదు. శ్రావణము చివరినుండి ఒక మూల రెండు గజములు కోయకుండ విడిచి, అచ్చట మందులేవియు చల్లకున్నచో, చవితి ఉదయమున బజారునకు పోవు పని తప్పును. తోటమాలికి ముందే చెప్పి ఆ మూల నాలుగు పుల్లలు పాతించినచో అతడు పొరబాటున యంత్రము నడపడు.