కిందపడుతుందని కూర్చోబెడితే ఎముక గట్టిపడదు

పిల్ల ఒకసారి చేయి విరగ్గొట్టుకుంటే ఇల్లంతా కంగారు పడుతుంది. ఏడాది తిరగకముందే కాలు కూడా విరిగితే ఆ కంగారు భయంగా మారుతుంది. అప్పటి నుంచి ‘వద్దు’లు మొదలవుతాయి. నడిచి బడికి పోవద్దు, ఆటల పీరియడ్‌లో పక్కన కూర్చో, బతుకమ్మ ఆటలో కలవొద్దు. మగపిల్లాడైతే ‘పడతాడు, లేస్తాడు’ అని వదిలేసే మనమే, ఆడపిల్ల దగ్గరకు వచ్చేసరికి ‘రేపు ఎవరు చేసుకుంటారు’ అని ఇంకాస్త కట్టడి చేస్తాం. కర్ఖేలిలోనైనా, ధర్మాబాద్‌లోనైనా, గోదావరి ఒడ్డున బాసరలోనైనా ఈ తీరు ఒకటే. ప్రేమతోనే చేస్తాం. కానీ దాని వల్ల పిల్లకు మేలు కంటే కీడే ఎక్కువ.

ముందు కారణం తెలుసుకోవాలి

ఆడుకునే పిల్లలకు దెబ్బలు సహజం. అయితే పదేళ్లలోపు చేతుల్లో, కాళ్లలో పొడవాటి ఎముకలు రెండుసార్లు, అంతకన్నా ఎక్కువ విరిగితే దిష్టి అనుకుని వదిలేయకూడదు. చిన్నపాటి జారుడుకే ఎముక విరిగినా అంతే. విటమిన్ డి, కాల్షియం లోపం వల్ల ఎముకలు మెత్తబడవచ్చు. కాళ్లు వంకరపోవడం, మణికట్టు లావెక్కడం దానికి గుర్తులు. చూపు సరిగా లేక తరచూ తట్టుకుని పడే పిల్లలూ ఉంటారు. వాళ్లకు కావలసింది కళ్లజోడు.

అరుదుగా పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు ఉంటుంది. దీన్ని ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా అంటారు. ఎముకకు పట్టునిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ తయారీలో లోపమే ఎక్కువగా దీనికి కారణం. కంటి తెల్లగుడ్డు నీలంగా కనిపించడం, పళ్లు సులువుగా విరగడం, ఇంట్లో మరొకరికి కూడా ఇలాగే ఉండడం దీని గుర్తులు. ఇది తల్లి తప్పు కాదు, పిల్ల తప్పూ కాదు. పూర్తిగా నయం చేసే మందు లేకున్నా, ఎముకల బలం పెంచే బిస్‌ఫాస్ఫొనేట్ మందులు, ఫిజియోథెరపీ, అవసరమైతే ఎముకలో రాడ్ వేసే ఆపరేషన్ ఉన్నాయి.

కూర్చోబెడితే ఏమవుతుంది?

బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది. నడక, ఎక్కడం, దిగడం ఎముకకు తిండి లాంటివి. నెలల తరబడి కదలనివ్వకపోతే కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది. అప్పుడు చిన్న దెబ్బకే మళ్లీ విరుగుతుంది. ‘చూశారా, అందుకే వద్దన్నాం’ అని మనం ఇంకా బిగిస్తాం. విరగడానికి మన జాగ్రత్తే ఒక కారణమైందని గుర్తించం.

అందుకే ‘ఆడొచ్చా, వద్దా’ అని కాకుండా ‘ఎలా ఆడాలి’ అని డాక్టరును అడగాలి. పెళుసు ఎముకలున్న పిల్లలకు కూడా నీళ్లలో ఆట, ఈత మంచివని చెబుతారు. కానీ పక్కన ఈత వచ్చిన పెద్దవాళ్లు లేకుండా బావిలోకి, వాగులోకి దింపకూడదు. కబడ్డీ లాంటి ఒకరిమీద ఒకరు పడే ఆటలు వద్దంటే, బదులుగా ఏది ఆడొచ్చో కూడా చెప్పించుకోవాలి. ఇంట్లో బాత్రూం నాపరాయి మీద పాకుడు గీకేయడం, జారని చెప్పులు కొనివ్వడం, రాత్రి మెట్ల దగ్గర లైటు వేయడం లాంటివి పిల్లను ఆపకుండానే ప్రమాదాన్ని తగ్గిస్తాయి. జబ్బు ఉన్న పసిబిడ్డను రెక్క పట్టి లేపకూడదు, గుడ్డ మార్చేటప్పుడు కాళ్లు పట్టి ఎత్తకూడదు. తల, నడుము కింద చేతులు పెట్టి ఎత్తాలి.

దెబ్బ తగిలినప్పుడు

చేయి, కాలు వంకరపోతే లాగి సరిచేయకండి. ఉన్నది ఉన్నట్టే చెక్కతోనో అట్టతోనో ఆనించి గుడ్డ కట్టి దవాఖానకు తీసుకెళ్లండి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి. నాటుకట్టు బిగుతైతే రక్తం ఆడక చేతికే ముప్పు వస్తుంది. వేళ్లు నీలమైనా, చల్లబడినా, తిమ్మిరెక్కినా ఒక్క గంట కూడా ఆగొద్దు.

ఎక్కడికి వెళ్లాలి?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి డాక్టర్ల బృందం రావాలి. ఆ రోజు పిల్లను ఇంట్లో ఉంచుకోకండి. పెద్ద పరీక్షలకు నాందేడ్‌లో డాక్టర్ శంకర్‌రావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మన వాళ్లలో చాలామంది అదే రైలు మార్గంలో నిజామాబాద్ కూడా వెళ్తారు. కానీ తెలంగాణ ఆరోగ్యశ్రీ మన మహారాష్ట్ర రేషన్ కార్డుకు వర్తించదు. మనకున్నది మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి, మన చికిత్స అందులో ఉందో లేదో ముందే తెలుసుకోండి. ఏ ఊళ్లో చూపించినా ఎక్స్‌రేలన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. ఎన్నిసార్లు, ఎలా విరిగిందో చూస్తేనే డాక్టరుకు అసలు కారణం అందుతుంది.

బడికి కూడా చెప్పాలి. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, టీచరుది మరాఠీ. అందుకే పిల్ల ఏం చేయగలదు, ఏది చేయకూడదు, దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది మరాఠీలో రాయించి ఇవ్వండి. దెబ్బల భయంతో పిల్లను చేర్చుకోమని బడి అనకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. వైకల్యం ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా అండగా ఉంటుంది.

రాజస్థాన్‌లో పుట్టి ఢిల్లీ బస్తీలో పెరిగిన ఉమ్ముల్ ఖేర్‌కు ఈ పెళుసు ఎముకల జబ్బే ఉంది. 16 సార్లు ఎముకలు విరిగాయి, 8 ఆపరేషన్లు అయ్యాయి. ఇంట్లో చదువు చాలన్నా ఆమె ఆపలేదు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి, 2016 సివిల్స్‌లో 420వ ర్యాంకు సాధించారు. అందరూ ర్యాంకు తెచ్చుకోవాలని కాదు. ఎముక విరిగిన ప్రతిసారీ ఆమె మళ్లీ పుస్తకం పట్టుకున్నారన్నదే ఇక్కడ సంగతి.

చివరగా ఒక్క మాట. పిల్ల వింటుండగా ‘నువ్వు నాజూకు’ అనకండి. పదిసార్లు వింటే పిల్ల నమ్మేస్తుంది. ఎముక ఆరు వారాల్లోనో, రెండు నెలల్లోనో అతుక్కుంటుంది. ఆ నమ్మకం పోవడానికి ఏళ్లు పడుతుంది. ఈసారి బతుకమ్మకు చేయి పట్టుకుని నడిపించండి. కాసేపయ్యాక ఆ చేయి వదలండి.