దుమ్ము మింగే కూలీకి ఊపిరి హక్కు లేదా?

కూలి రేటు కోసం బేరమాడతాం, పని గంటల కోసం కొట్లాడతాం. ఆ పనిలో మన రొమ్ములోకి పోయే దుమ్ము గురించి మాత్రం నోరు మెదపం. గుంటూరు ప్రాంతంలో కోల్డ్ స్టోరేజీల దగ్గర ముచ్చికలు తీసే ఆడకూలీలను, టిక్కీలు మోసే హమాలీలను అడగండి. దగ్గూ ఆయాసమూ మామూలే, మా తలరాత అంటారు. దగ్గు బయటపడితే రేపటినుంచి పనికి రావద్దంటాడేమోనని మేస్త్రీ దగ్గర దాచుకుంటారు.

ఇది తలరాత కాదు. ఉబ్బసంలో గాలిగొట్టాలు లోపల వాచి ఉంటాయి. దుమ్మో, బూజో తగిలితే బిగుసుకుపోతాయి, కఫం అడ్డం పడుతుంది, పిల్లికూతలు మొదలవుతాయి. వంశంలో ఉన్నవాళ్లకు త్వరగా రావచ్చు. ఏళ్ల తరబడి దుమ్ములో పనిచేస్తే లేనివాళ్లకూ రావచ్చు.

తడిసిన మిరపకాయ, వానకు నానిన వరిగడ్డి, 14 శాతం మించిన తేమతో నిల్వ పెట్టిన ధాన్యం బూజు పడతాయి. వాటిని కదిపితే కంటికి ఆనని బూజు బీజాలు గాలిలోకి లేస్తాయి. బూజు గడ్డి లాగిన సాయంత్రం చలిజ్వరం, ఆయాసం వస్తే అది ఊపిరితిత్తుల వాపు కావచ్చు. మలేరియా అనుకుని ఊరుకోవద్దు. ఏం పని చేశారో డాక్టరుకు చెప్పండి.

మనం చేయగలిగినవి ఉన్నాయి. గాలి వీపుకు తగిలేలా నిలబడి తూర్పారపట్టాలి. తలగుడ్డ సన్నదుమ్మును ఆపదు, ఎన్95 మాస్కు చాలావరకు ఆపుతుంది. ఇంటికి రాగానే బట్టలు మార్చి, స్నానం చేసి పిల్లల్ని ఎత్తుకోవాలి.

పంపు అలవాటైపోతుందన్న భయం వద్దు. పీల్చే మందు తిన్నగా గాలిగొట్టాలకే పోతుంది, అందుకే కొద్ది మోతాదు చాలు. ఆయాసం తగ్గించే పంపు ఒక్కటే చాలదు, వాపు తగ్గించే పంపును డాక్టరు చెప్పినట్టు ఆయాసం లేని రోజున కూడా వాడాలి. మాట పూర్తి చేయలేనంత ఆయాసమొస్తే 108కి ఫోన్ చేయాలి. మృగశిర కార్తెనాడు చేపమందుకు హైదరాబాదు పోయేవాళ్లను మేము ఎగతాళి చేయం. ఊపిరాడనివాడు ఎక్కడికైనా పోతాడు. కానీ దానితో ఉబ్బసం నయమవుతుందని రుజువు లేదు. పంపు మానొద్దు.

అయితే జాగ్రత్తల భారమంతా కూలీ మీదే వేస్తే ఒప్పుకోం. మాస్కులు, గాలి ఆడే షెడ్డు, కడుక్కోవడానికి నీళ్లు యజమాని ఇవ్వాలి. ఆరోగ్య కేంద్రంలో రెండు రకాల పంపులూ ఉండాలి. 1923 నాటి నష్టపరిహార చట్టం వృత్తి జబ్బుల పట్టికలోనే పత్తి దుమ్ము జబ్బు, పనివల్ల వచ్చే ఉబ్బసం ఉండేవి. 2020 సామాజిక భద్రతా కోడ్ మూడో షెడ్యూలులోనూ ఉన్నాయి. ఆ హక్కు కల్లం దాకా రావాలంటే రుజువు కావాలి. డాక్టరు చీటీలో మీరు చేసే పని పేరు రాయించండి. ఆ చీటీలు పట్టుకుని అందరం కలిసి అడుగుదాం. ఒక్కరు దగ్గితే పనిలోంచి తీసేస్తారు, వందమంది కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.