కొప్పు పెంకులు ఎన్ని కావాలి?

మృగశిర కార్తె దగ్గరపడుతున్నదంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పల్లెల్లో పెంకుటిళ్ళవాళ్ళు తలెత్తి ఇంటికప్పు వంక చూసుకుంటారు. జారిన పెంకులు సర్దించాలి, పగిలినవాటిని మార్పించాలి. స్లాబు ఇళ్ళు వచ్చాక ఈ పని చాలావరకు తగ్గింది. కాని పెంకుల కింద మగ్గం నడిచే ఇల్లయితే ఏమరుపాటు పనికిరాదు. పోచంపల్లిలోనైనా, గద్వాలలోనైనా, నారాయణపేటలోనైనా రంగు వేసిన పడుగు మీద నాలుగు వాన చుక్కలు పడ్డాయంటే ఆ చీర మీద మరక మిగిలిపోతుంది.

ఇల్లు ఎక్కువగా కురిసేది ఎక్కడో తెలుసా? కొప్పు దగ్గర. రెండు పక్కల నుంచి వచ్చిన వాలులు పైన కలిసే గీతనే కొప్పు అంటాం. కప్పుమీద ప్రతి పెంకునూ దాని పైవరుస పెంకు కొంత కప్పుతుంది. అందుకే నీరు లోపలికి దిగకుండా పెంకుమీదనుంచి పెంకుమీదికి జారిపోతుంది. మరి అన్నిటికన్నా పైనున్న వరుసను కప్పేదెవరు? దానికి పైన వరుస లేదు. అందుకోసమే వంపు తిరిగిన కొప్పు పెంకులు.

అలంపురంలో గుడులు కట్టించిన బాదామి చాళుక్యులకూ ఈ చిక్కు తెలుసు. ఐహోళెలోని లాడ్‌ఖాన్ గుడి కప్పుమీద వాలుగా పరచిన రాతిపలకల అతుకులను సన్నని పొడుగాటి రాతికడ్డీలతో కప్పారు. అతుకు ఉన్నచోట మూత ఉండాలి, అంతే.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టరాదంటారు. మనం వాసాల జోలికి పోకుండా కొప్పు పెంకులే లెక్కపెడదాం.

చూరుతో సహా కప్పు పొడవు 30 అడుగులు, వెడల్పు 16 అడుగులు, చూరు మట్టం నుంచి కొప్పు దాకా ఎత్తు 4 అడుగులు అనుకోండి. రెండు వాలుల ఇల్లయితే లెక్క చిటికెలో తేలిపోతుంది. రెండు చివరలా ముక్కోణపు గోడలుంటాయి, కొప్పు ఈ చివరనుంచి ఆ చివరకు పోతుంది. పొడవు 30 అడుగులు. వాలు ఎంత నిటారుగా ఉన్నా ఈ సంఖ్య మారదు.

అదే ఇంటికి నాలుగు వైపులా ఒకే వాలు పెడితే? అప్పుడు ముక్కోణపు గోడలుండవు. నాలుగు మూలలనుంచి నాలుగు మూలవాసాలు పైకి వచ్చి కొప్పును కలుస్తాయి. ఒక్కొక్క చివర కొప్పు సగం వెడల్పు మేర, అంటే 8 అడుగులు, లోపలికి జరుగుతుంది. కనుక మిగిలే కొప్పు 30లోనుంచి 16 తీసివేస్తే 14 అడుగులే. “పెంకులు మిగిలాయి!” అని సంబరపడకండి. మూలవాసాల మీద కూడా రెండేసి వాలులు కలుస్తున్నాయి గదా, వాటికీ మూత కావాలి.

మూలవాసం పొడవు కోసం ఇంటిమీదికి ఎక్కనక్కరలేదు. పైథాగరస్‌ను రెండుసార్లు పిలిస్తే చాలు. నేలమీద చూస్తే మూలవాసం అటు 8, ఇటు 8 అడుగులు జరుగుతుంది: 64, 64 కలిపితే 128. పైకి 4 అడుగులు లేస్తుంది: దాని వర్గం 16. మొత్తం 144. వర్గమూలం 12 అడుగులు. నాలుగింటికి 48. కొప్పు 14 కలిపితే 62 అడుగులు.

ఇక్కడ ఒక వింత ఉంది. వాలు ఒకటే అయితే రెండు రకాల కప్పుల వైశాల్యమూ సమానమే, దాదాపు 537 చదరపు అడుగులు. కాని కొప్పు పెంకుల అవసరం మాత్రం 30 అడుగులనుంచి 62 అడుగులకు, రెట్టింపుకన్నా ఎక్కువకు పెరిగింది! వైశాల్యాన్ని బట్టి కొప్పు పెంకులు కొనేవాడు బజారుకు మళ్ళీ బండి కట్టక తప్పదు. కాగితం మీద గీసిన ఇంటి పటంలో మూలవాసాన్ని కొలిచేవాడికీ అదే గతి. పటంలో ఎత్తు కనబడదు. 12 అడుగుల మూలవాసం అక్కడ 11 అడుగుల 4 అంగుళాలే ఉంటుంది.

ఇక అడుగులను పెంకులుగా మార్చాలి. మన దగ్గర చాలామంది ‘బెంగుళూరు పెంకులు’ అనేవాటి పుట్టిల్లు నిజానికి మంగుళూరు. బాసెల్ మిషన్‌వాళ్ళు 1865లో అక్కడ పెంకుల కార్ఖానా పెట్టారు. కొప్పు పెంకుల కొలతలు కార్ఖానాను బట్టి మారుతాయి కాబట్టి, కొనేముందు ఒక పెంకును కొలవండి. అది 15 అంగుళాలుందనుకుందాం. పక్క పెంకుమీదికి 3 అంగుళాలు ఎక్కిస్తే పనికివచ్చేది 12 అంగుళాలే. కాబట్టి అడుగుకు ఒకటి చొప్పున 62 పెంకులు కావాలి. 15తో భాగించినవాడు 50 తెచ్చి 12 పెంకులు తక్కువై నిలబడతాడు. భాగహారంలో భిన్నం వస్తే, ఎంత చిన్నదైనా సరే, పైసంఖ్యే తీసుకోవాలి. అరపెంకు ఎవరూ అమ్మరు. ప్రతి గీతకూ విడివిడిగా లెక్క చేయండి. దారిలో పగిలేవాటికని నూటికి అయిదు కలుపుకుంటే 66.

పేర్చడంలోనూ శాస్త్రం ఉంది. మూలవాసం మీద కిందనుంచి పైకి పేర్చాలి, ఎందుకో మీకే తెలుస్తుంది. కొప్పుమీద మాత్రం గాలిని చూడాలి. నైరుతి వానలు పడమటి గాలితో వస్తాయి. అందుచేత తూర్పు చివర మొదలుపెట్టి, ప్రతి కొత్త పెంకు అంచునూ వెనకటిదాని మీదికి ఎక్కిస్తూ పడమరకు పోవాలి. అప్పుడు సందులు తూర్పుకు తెరుచుకుంటాయి, జల్లు వాటిలోకి దూరదు.

సిమెంటు రేకుల ఇళ్ళకు ఇంత బాధ లేదు. రెండు ముక్కల కొప్పు రేకులు పక్కరేకుల వంపుల్లోనే కూర్చుంటాయి కాబట్టి, ఒక వైపు వరుసలో ఎన్ని రేకులుంటే అన్ని జతలు చాలు. అన్నట్టు, ఆస్‌బెస్టాస్ కలిసిన ఆ రేకులను కోసినా విరిచినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. లెక్క చేయండి గాని రేకుల జోలికి పోకండి.

ఇప్పుడు మీ వంతు. పొడవూ వెడల్పూ 16 అడుగులే ఉన్న నాలుగు వాలుల ఇంటికి, ఎత్తు అదే 4 అడుగులయితే, కొప్పు పొడవెంత? మొత్తం పెంకులెన్ని?