‘తిండిపోతు’ అనే ముందు

మాలో చాలామందిమి నాన్నకో అమ్మకో బదిలీ అయితే విశాఖలో కిరండూల్ రైలెక్కి బస్తర్ చేరినవాళ్లమే. కొత్త క్వార్టర్, కొత్త తరగతి. ఆ మొదటి వారాల్లోనే కొందరికి పేర్లు పడిపోతాయి. మా తరగతిలో ఒక మిత్రుడికి ‘తిండిపోతు’ అని పేరు పెట్టాం. లంచ్ బ్రేక్‌లో ఆటలో పడి డబ్బా తెరవడమే మరిచిపోయేవాడు. సాయంత్రం మాత్రం బిస్కెట్ ప్యాకెట్లు ఒకటి తర్వాత ఒకటి ఖాళీ చేసేవాడు. తనకు ఏడీహెచ్‌డీ ఉందని కొన్నాళ్లకు అతనే చెప్పాడు. మాకు సిగ్గేసింది. అందుకే తెలుసుకుని రాస్తున్నాం.

ఏడీహెచ్‌డీ అంటే ఏమిటి?

ఇది మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. దృష్టి నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఆలోచించకముందే పని చేసేయడం దీని లక్షణాలు. ఇవి పన్నెండేళ్లలోపే మొదలై, బడిలోనూ ఇంట్లోనూ కనిపిస్తాయి. ఇది బద్ధకం కాదు, పెంపకంలో లోపమూ కాదు.

దీనికీ తిండికీ సంబంధం ఏమిటి?

మొదటిది, బ్రేకు. ‘ఇక చాలు’ అని ఆపడంలో నుదుటి వెనుక ఉండే మెదడు భాగానికి పెద్ద పాత్ర ఉంది. ఏడీహెచ్‌డీలో ఆ బ్రేకు ఆలస్యంగా పడుతుంది. రెండోది, దృష్టి. ఆటలో మునిగితే ఆకలి తెలియదు. తెలిసేసరికి కడుపు కాలిపోతుంటుంది. గబగబా తింటే, నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే ఎక్కువ తినేస్తాం. మూడోది, డోపమిన్ అనే రసాయనం. ఏడీహెచ్‌డీలో ఇది పనిచేసే తీరు వేరుగా ఉంటుంది. తీపి, నూనె పదార్థాలు వెంటనే ఆనందం ఇస్తాయి కాబట్టి మెదడు మళ్లీ మళ్లీ వాటినే అడుగుతుంది. నిద్ర చాలకపోతే ఆకలి ఇంకా పెరుగుతుంది.

దీనికి మన మాటలు తోడైతే, ఆ పిల్లవాడు దాచుకుని తింటాడు. తర్వాత బాధపడి పస్తుంటాడు. పస్తుంటే మళ్లీ అతిగా తింటాడు. ఇలా తిండి అలవాటే జబ్బుగా మారవచ్చు.

లెక్కలు ఏమంటున్నాయి?

2016లో అమెరికా మానసిక వైద్య పత్రికలో 42 అధ్యయనాలను కలిపి చూసిన వ్యాసం వచ్చింది. ఊబకాయం ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో 10.3 శాతం, లేనివారిలో 7.4 శాతం. పెద్దల్లో అయితే 28.2, 16.4 శాతం. అంటే వయసుతో తేడా పెరుగుతోంది. మందులు వాడుతున్నవారిలో మాత్రం ఈ అదనపు ముప్పు కనిపించలేదు. ఒక్క మాట: ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఊబకాయం లేదు. లావుగా ఉన్నవారందరికీ ఏడీహెచ్‌డీ ఉందనీ కాదు.

బదిలీ అయినప్పుడు?

ఏడీహెచ్‌డీ ఉన్నవారికి రోజువారీ క్రమమే చేతికర్ర. బదిలీతో అది జారిపోతుంది. సామాను విప్పేదాకా భోజనం బయటే, నిద్ర ఎప్పుడో. అందుకే కొత్త ఇంట్లో ముందు గోడకెక్కాల్సింది టైమ్‌టేబుల్. భోజనానికి, నిద్రకు అలారం పెట్టుకోవాలి. ప్యాకెట్‌లోంచి కాకుండా పళ్లెంలో పెట్టుకుని తినాలి. సాయంత్రం ఆకలికి ఏదో ఒకటి సిద్ధంగా ఉంచాలి. బస్తర్‌లో తాగే మండియా పేజ్ మన రాగి అంబలికి చుట్టమే, దానికి మించినది ఏముంది! సాయంత్రం ఆట మానకూడదు. బరువు తగ్గాలని భోజనం మానేయడం మాత్రం వద్దు.

కొన్ని ఏడీహెచ్‌డీ మందులు పగలు ఆకలిని తగ్గిస్తాయి, వాటి ప్రభావం దిగాక సాయంత్రం ఆకలేస్తుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి గానీ మందు సొంతంగా ఆపకూడదు. ఊరు మారేటప్పుడు టీసీతో పాటు డాక్టరు రిపోర్టులూ ఫైల్లో పెట్టుకోవాలి. దగ్గర్లో మానసిక వైద్యులు లేకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

మా మిత్రుడిని ఇప్పుడు మేము పేరుతోనే పిలుస్తున్నాం. లంచ్ గంట కొట్టగానే అతని పక్కన కూర్చుని ముందు డబ్బాలు తెరుస్తాం. ఆట తర్వాతే. మీ తరగతిలోనూ అలాంటి మిత్రుడు ఉండవచ్చు. రేపు మీరూ అతని పక్కన కూర్చోండి.