సీమంతం ఫోటో – కొంచెం కాంతి పాఠం

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

బి.యస్సీ. చదివే కుర్రాడికి సీమంతం ఫోటోలతో ఏం పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. పనుంది. మాది వ్యవసాయ కుటుంబం. మా వైపు ఆడపిల్ల తొలికాన్పుకి పుట్టింటికి వచ్చినప్పుడు గాజులు తొడిగి, పూలజడ వేసి, ఒక ఫోటో తీయిస్తారు. ఆ తర్వాత ఆమె పొలం, పాడి, పిల్లలు అనే చక్రంలో పడితే, తనకంటూ మరో ఫోటో ఎప్పుడు దిగుతుందో చెప్పలేం. మా అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో ఇంట్లో అదొక్కటే. అందులో మొహం ఫ్లాష్ దెబ్బకి సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. వెనక గోడమీద నల్లటి నీడ మాత్రం స్పష్టంగా పడింది.

ఇప్పుడు ఫోను కెమెరాలు ఇంటింటికీ వచ్చాయి. అయినా ఆ తెల్లటి మొహాలు, నల్లటి నీడలు పోలేదు. వెలుతురుని వాడుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు, మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్న కాంతి పాఠమే.

మొదటి సంగతి, కాంతి జనకం పరిమాణం. గ్రహణాల పాఠంలో ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయ అని చదివాం కదా! జనకం చిన్నదైతే నీడ అంచు కత్తితో కోసినట్టుంటుంది. పెద్దదైతే ఉపచ్ఛాయ వెడల్పై, నీడ మెల్లగా కరిగిపోతుంది. ఫోను ఫ్లాష్ చిన్న చుక్క. ఎండా అంతే, సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన కంటికి సుమారు అర డిగ్రీ మేరకే కనిపిస్తాడు. నీడపట్టున ఉన్న కిటికీ అలా కాదు, ఆకాశపు వెలుగుని లోపలికి పంపే పెద్ద దీపం అది. కాబట్టి ఫ్లాష్ ఆపేయండి, కిటికీ తెరవండి.

పైగా చుక్కలాంటి దీపపు వెలుగు దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. కెప్లర్ 1604లోనే చెప్పిన మాట ఇది. మీటరు దూరాన ఉన్న మొహానికి అందే వెలుగులో నాలుగో వంతే రెండు మీటర్ల దూరాన ఉన్నవారికి అందుతుంది. ముందు కూర్చున్న అమ్మాయి తెల్లగా, వెనక నిలబడిన అమ్మమ్మ చీకట్లో పడటానికి కారణం ఇదే.

రెండో సంగతి, దిక్కు. పున్నమి చంద్రుడు పళ్ళెంలా కనిపిస్తాడు, అష్టమి చంద్రుడు బంతిలా కనిపిస్తాడు. ఎదురు వెలుగు గుండ్రదనాన్ని చదును చేస్తుంది, పక్క వెలుగు చూపిస్తుంది. గర్భిణి ఫోటోలో చూపవలసింది ఆ గుండ్రదనమే గదా! ఆమెని కిటికీకి రెండు మూడడుగుల దూరంలో పక్కగా కూర్చోబెట్టి, మొహం కాస్త కిటికీవైపు తిప్పమనండి. నీడ పడిన చెంప మరీ నల్లబడితే అటువైపు ఉతికిన తెల్ల పంచె ఒకటి విప్పి పట్టుకుంటే సరి. రంగు దుప్పటి వద్దు, ఆ రంగు చెంపమీదికి వస్తుంది.

ఉత్తరపు కిటికీ వెలుగే శ్రేష్ఠమని ఫోటోగ్రఫీ పుస్తకాల్లో రాస్తారు. యూరప్ వాళ్ళకి అది సరిపోతుంది. మన కృష్ణా, గుంటూరు ప్రాంతాలు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. సుమారు మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరానే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోంచి ఉదయం, సాయంత్రం ఎండే లోపలికి రావచ్చు. కావున పుస్తకం పక్కనబెట్టి, నేలమీద ఎండ పడుతోందో లేదో చూసుకోండి.

ఇక పూలజడ. జడ కనిపించేలా వెనక అద్దం పెట్టి తీయడం మన స్టూడియోల పాత పద్ధతి. జడ అద్దానికి ఎంత ముందుంటే, దాని ప్రతిబింబం అద్దానికి అంత వెనక ఉంటుంది. అద్దం రెండడుగుల వెనక ఉంటే, కెమెరా లెక్కలో జడ నాలుగడుగుల అవతల ఉన్నట్టే. అందుకని పెద్ద కెమెరా అయితే లెన్సు ద్వారాన్ని 8 లేదా 11 అంకె దగ్గరికి కుదించాలి. ఫోనైతే వెనకభాగాన్ని మసకపరిచే పోర్ట్రెయిట్ పద్ధతి ఆపేయాలి. మరీ దగ్గరికి వెళ్ళకుండా ఆరేడడుగుల దూరంలో నిలబడండి. దగ్గరికి పోతే చేతులు, మోకాళ్ళు పెద్దవై, మొహం చిన్నబోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఆమె కూర్చునే తీరు. నిండునెలల్లో గరిమనాభి ముందుకు జరుగుతుంది. దాన్ని తిరిగి పాదాల మీదికి తెచ్చుకోడానికి నడుము వెనక్కి వంగుతుంది, నొప్పి పుడుతుంది. అలాంటి మనిషిని ఫోటో కోసం అరగంట నిలబెట్టడం, పీట ఎక్కించడం అన్యాయం. వెల్లకిలా పడుకోబెట్టడం అసలే కూడదు. గర్భాశయం బరువు పర మహాసిరను నొక్కితే గుండెకి చేరే రక్తం తగ్గి, కళ్ళు తిరగవచ్చు. పడుకున్న ఫోటోయే కావాలంటే ఎడమపక్కకి తిరిగి పడుకోవాలి. చేతుల కుర్చీ, నడుము వెనక దిండు, పాదాల కింద చిన్న పీట ఉంటే చాలు. ఒళ్ళు కొంచెం ఏటవాలుగా తిప్పి, ఒక చెయ్యి పొట్టపైన, రెండోది కింద ఆనిస్తే భంగిమ దానంతటదే కుదురుతుంది. అద్దం, పంచె, వెలుతురు ముందే సిద్ధం చేసి, చెల్లెల్నో మరదల్నో కూర్చోబెట్టి సరిచూసుకుని, ఆఖర్న ఆమెని పిలవండి. పది నిమిషాల్లో ముగించండి. చెమట పడుతుంటే ఆపి, మంచినీళ్ళు ఇవ్వండి.

కడుపుతో ఉన్నప్పుడు ఫోటో తీస్తే దిష్టి తగులుతుందని కొందరు పెద్దలంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ దిగాలా వద్దా అన్నది మాత్రం ఆమెనే అడగండి. వద్దంటే కెమెరా మూసేయడమే. సరేనంటే తీసినవన్నీ ముందు ఆమెకే చూపించి, ఆమె ఏరినదాన్ని కాగితం మీద ప్రింటు వేయించి చేతికివ్వండి. ఫోన్లు పగులుతాయి, పోతాయి. పెట్లో చీరల మడతల మధ్య పెట్టిన ఫోటో ఉంటుంది.